గొంగడి గదిలో అయిదు పాటలు: ప్రాజెక్టు డైరీ

జూన్ 8

అయిదు పాటలు. ఒక హార్మోనియం, ఒక గొంతు, రెండు పాటలకు మాత్రం డప్పు. వరంగల్ కరీమాబాద్‌లో మా పాత గూనపెంకుల ఇంట్లో, తాత పడుకునే గదిలో రికార్డు చేయాలి. ఆగస్టు ఆఖరుకల్లా అయిపోవాలి. స్టూడియో లేదు, కీబోర్డు ప్రోగ్రామింగ్ లేదు.

ఇట్లా ఎందుకు చేస్తున్నానో ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే నడుమల ఎవరో ఒకరు "కొంచెం బేస్ గిటార్ వేస్తే బాగుంటది కదా" అంటారు, నేను సరే అంటాను.

పోయిన వానాకాలం ఒక రాత్రి కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది, వాడంతా చప్పుడు లేకుండా అయింది. వంటింటి రేకుల మీద సన్నగా వాన పడుతోంది. నాలుగు నెలల నుంచి నోట్లో నానుతున్న మిల్లు పాట ఆ రాత్రి కుదిరేటట్టు అనిపించింది. బాపు భజనలకు తీసుకెళ్లే హార్మోనియం ముందేసుకుని, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టి, రికార్డింగ్ నొక్కి పాడాను. మూడు నిమిషాల పది సెకన్లు.

ఆజంజాహి మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలైంది. ఇప్పుడు మిల్లు లేదు. కానీ మా వాడలో ఏ ఇంటి తలుపు కొట్టినా ఆ మిల్లుతో ఏదో ఒక లెక్క బయటపడుతుంది. మా తాత అందులోనే పనిచేశాడు. పెండ్లయిన కొత్తలో తాత పని నుంచి వచ్చేసరికి తల నిండా దూది పొట్టు ఉండేదట. ఆయనను మొదటిసారి అట్లా చూసినప్పుడు, ఇంత చిన్న వయసుకే వెంట్రుకలు నెరిశాయేంది అని మా అవ్వ బెంగ పెట్టుకుందట. పాట అక్కడి నుంచి వచ్చింది.

తెల్లారకముందే కూసే మిల్లు
తెల్లమొగమేసి లేచే ఇల్లు
ఇరువై ఏండ్లకే నెరిసిన తల
ఇంటికొచ్చి దులిపితే నల్లగాయె

ఆ రాత్రి పాడేటప్పటికి ఆఖరి మాట నా దగ్గర లేదు. "ఇంటికొచ్చి దులిపితే" దాకా వచ్చి ఆగిపోయాను. చేతులు మాత్రం షడ్జమం, అంటే 'స' స్వరం మీదనే ఉన్నాయి, హార్మోనియం గాలి తిత్తి ఆడుతూనే ఉంది. పక్క గదిలో అవ్వ రెండుసార్లు దగ్గింది. అప్పుడు వచ్చింది మాట: నల్లగాయె. ఆ మాట దొరకడం, దొరికినప్పుడు గొంతు కొంచెం కిందికి జారడం, అంతా ఫోన్‌లో పడింది.

తర్వాత హైదరాబాద్‌లో ఒక స్టూడియోకి పోయి అదే పాటను "మంచిగా" చేయించాను. 18,000 ఖర్చయింది. లయ తప్పకుండా చెవిలో టిక్‌టిక్‌మనే క్లిక్ పెట్టి పాడించారు, శ్రుతి సరిచేశారు, వెనకాల వయొలిన్లు పరిచారు. వాళ్లు నిజాయితీగా కష్టపడ్డారు, అడిగింది నేనే. ఇంటికొచ్చి వినిపిస్తే బాపు చివరిదాకా విన్నాడు. "మంచిగున్నది బిడ్డా. కని మొన్న ఫోన్ల పెట్టినవ్ గదా, గది యాడ వోయింది?" అన్నాడు. గది అంటే అది, ఆ ఫోన్ రికార్డింగ్.

అప్పటి నుంచి ఆ ప్రశ్న నాతోనే ఉంది.

జూన్ 15

ఇవాళంతా గది పని.

పది అడుగులు ఇటు, పన్నెండు అడుగులు అటు. సున్నం కొట్టిన గోడలు, కింద షాబాద్ బండలు. నడుమ నిలబడి చప్పట్లు కొడితే రెండు గోడల మధ్య టకటకమని చప్పుడు పరిగెత్తుతోంది. ఎదురెదురుగా గట్టి గోడలు ఉంటే శబ్దం వాటి మధ్య బంతిలా పడి లేస్తుంది. గొంతు రికార్డు చేస్తే డబ్బాలో నుంచి మాట్లాడినట్టు ఉంటుంది.

స్పాంజ్ పలకలు కొనాలా అని ఆలోచిస్తుంటే అటక మీద తాత గొంగడి కనబడింది. గొర్రె ఉన్నితో కురుమలు నేసిన నల్ల గొంగడి. ఇప్పటికీ మోయలేనంత బరువుంది. పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాడిని, ఇంత సులువైన సంగతి ముందే తట్టాల్సింది. ఉన్ని పోగుల మధ్య గాలి కదిలేటప్పుడు రాపిడికి శబ్దశక్తి కొంచెం కొంచెంగా వేడిగా మారిపోతుంది. కాకపోతే గోడకు అంటించి కడితే లాభం తక్కువ. గోడను ఆనుకున్న గాలి కదలదు. గోడకు ఎంత ఎడంగా కడితే అంత కింది స్వరాలను కూడా పట్టుకుంటుంది. శబ్ద తరంగం పొడవులో నాలుగో వంతు దూరంలో గాలి కదలిక అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది.

లెక్క వేశాను. జానెడు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు వదిలితే 400 హెర్ట్జ్ పైచిలుకు నుంచి బాగా పని చేయాలి. డబ్బా గొంతు వినబడేది కూడా ఆ చుట్టుపక్కలే. బట్టలారేసే తాడు ఈ మూల నుంచి ఆ మూలకు కట్టి గొంగడి వేలాడదీశాను. కింద అవ్వ కుట్టిన బొంతలు రెండు పరిచాను. మళ్లీ చప్పట్లు కొట్టాను. టకటక పోయింది, కానీ గది చచ్చిపోలేదు. పైన పెంకుల సందుల్లోంచి కొంచెం గాలి, కొంచెం పిచ్చుకల చప్పుడు వస్తూనే ఉంది. అది ఉండాలి.

మైకులు రెండు: చిన్న చప్పుడును కూడా పట్టే కండెన్సర్ ఒకటి, అంత సున్నితం కాని ఎస్‌ఎం57 ఒకటి. మైకులను కంప్యూటర్‌కు కలిపే రెండు చానళ్ల ఇంటర్‌ఫేస్, పాత ల్యాప్‌టాప్. ల్యాప్‌టాప్ ఫ్యాన్ చప్పుడు పడకుండా దాన్ని దర్వాజ బయట స్టూలు మీద పెట్టి కేబుల్ లోపలికి లాగాను. ట్యూబ్‌లైట్ వేస్తే సన్నగా జుయ్‌మని వస్తోంది, అందుకని లైట్ ఆర్పేసి కిటికీ వెలుతురులోనే పాడాలి.

జూన్ 22

మొదటి ప్రయత్నం, మొత్తం వేస్ట్.

అన్నీ సరిగ్గానే పెట్టాను. రికార్డింగ్ నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్; శబ్దం మరీ ఎక్కువై పగలకుండా లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్టు. కండెన్సర్ నోటికి అడుగున్నర దూరంలో. మిల్లు పాట ఏడుసార్లు పాడాను. ఏడుసార్లూ స్టేజీ మీద నిలబడ్డట్టే పాడాను. ఎర్ర చుక్క వెలగగానే ఛాతీ ముందుకు వస్తోంది, "తెల్లారకముందే"లో 'తె' మీద అవసరం లేని బరువు పడుతోంది. నాకు తెలిసిన జవాబును పిల్లల ముందు చదివినట్టుంది.

సాయంత్రం కూర్చుని పాత ఫోన్ రికార్డింగ్‌నూ, స్టూడియో పాటనూ, ఇవాళ్టి ఏడో టేకునూ పక్కపక్కన పెట్టి విన్నాను. ఫోన్‌లో పాట నిమిషానికి 84 దెబ్బల దగ్గర మొదలైంది. చరణానికి వచ్చేసరికి 88. తాత ఇంటికి వచ్చే చోట 91. ఆ తర్వాత మాట కోసం ఆగినప్పుడు దెబ్బ అన్నదే లేదు. ఆగి మళ్లీ అందుకునేటప్పుడు 80కి పడిపోయింది. స్టూడియోలో మొదటి నుంచి చివరిదాకా 86. తప్పేమీ లేదు, కానీ మనిషి ఇంటికి వస్తుంటే కాలు ఎట్లా తొందరపడుతుందో 86కి తెలియదు.

కథ చెప్పేవాళ్లంతా చేసేదే ఇది. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ వింటే తెలుస్తుంది. డోలు కథ వెంట నడుస్తుంది, కథ డోలు వెంట నడవదు. యుద్ధం వచ్చే చోట ఉరుకుతుంది, తల్లి ఏడ్చే చోట నిలబడుతుంది. వాళ్ల చెవిలో క్లిక్ పెడితే ఆ కథ ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

క్లిక్ తీసేశాను. ఇక పెట్టను.

జూలై 1

ఇవాళ పాడలేదు. గొంతు పట్టింది. రాత్రంతా అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆల్బమ్ 'నెబ్రాస్కా' విన్నాను.

దాని సంగతి ఇక్కడ రాసుకోవాలి, ఎందుకంటే నా నియమాలు అక్కడి నుంచే వచ్చాయి. 1982 జనవరి మొదట్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో తను అద్దెకుంటున్న ఇంట్లో కూర్చుని ఆ పాటల్లో చాలావరకు రికార్డు చేశాడు. మిషను టియాక్ 144 పోర్టాస్టూడియో. మామూలు క్యాసెట్ మీదనే నాలుగు ట్రాకులు, అంటే నాలుగు శబ్దాలను విడివిడిగా పట్టే యంత్రం, 1979లో వచ్చింది. మైకులు ఎస్‌ఎం57లు రెండు, నా దగ్గర ఉన్నదీ అదే. అవి విడుదల చేసే ఉద్దేశంతో చేసినవి కావు. బ్యాండుకు పాటలు నేర్పడానికి చేసుకున్న డెమోలు, అంటే నమూనా రికార్డింగులు. తర్వాత బ్యాండుతో స్టూడియోలో మళ్లీ ప్రయత్నించారు. కుదరలేదు. డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకు తిరిగిన ఆ క్యాసెట్టే చివరికి 1982 సెప్టెంబర్ 30న ఆల్బమ్‌గా వచ్చింది. ఇంటి క్యాసెట్ నుంచి రికార్డు మీదికి ఎక్కించడానికి మాస్టరింగ్ వాళ్లు, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సరిచేసేవాళ్లు, నానా తిప్పలు పడ్డారు.

నన్ను పట్టుకున్నది ఆ కథలోని పట్టుదల కాదు. ఆ రికార్డింగ్‌లో పాడేవాడికి ఎదురుగా వినేవాడు ఎవరూ లేరు. గొంతు ఎవరినీ ఒప్పించాలని చూడదు. మనం కిటికీ పక్కన నిలబడి వింటున్నట్టు ఉంటుంది. బ్యాండు వచ్చాక పాట మన వైపు తిరిగి నిలబడుతుంది. అది కూడా మంచిదే, కానీ అది వేరే సంగతి. కొన్ని పాటలు మన వైపు తిరిగాక చెప్పాల్సింది చెప్పలేవు.

ఇంకొకటి. వాయిద్యాలు తక్కువైతే వినేవాడికి పని ఎక్కువవుతుంది. ఖాళీని తనే నింపుకోవాలి. మిల్లు సైరన్ చప్పుడు శాంపిల్‌ను, అంటే ఎవరో ముందే రికార్డు చేసిన ముక్కను, తెచ్చి పాటలో పెడితే అది ఆ శాంపిల్‌లోని మిల్లే అవుతుంది. పెట్టకపోతే ఎవరి మిల్లు వాళ్లకు వినబడుతుంది. నిజంగానే సైరన్ శాంపిల్ ఒకటి దించి పెట్టుకున్నాను. ఇవాళ డిలీట్ చేశాను.

నియమాలు: నాలుగు ట్రాకులు దాటకూడదు. ఒక టేకులో ఇంకో టేకు ముక్క అతకకూడదు. క్లిక్ లేదు, శ్రుతి సరిచేయడం లేదు. పాత రికార్డులా వినబడాలని గరగర చప్పుడు వేసే ప్లగిన్లు, అంటే చిన్న సాఫ్ట్‌వేర్లు, అసలే లేవు. లేని పాతదనాన్ని అంటించడం అబద్ధం చెప్పడమే.

జూలై 13

పాటలు గుంజి ఆరేసిన రోజు.

హార్మోనియం కూడా పక్కన పెట్టి, వట్టి నోటితో అయిదు పాటలూ పాడి చూశాను. తీగ మీద ఆరేసిన బట్టలో చిరుగు కనబడ్డట్టు ప్రతి బలహీనమైన లైనూ కనబడింది. మిల్లు పాట రెండో చరణంలో ఈ లైన్లు ఉండేవి:

పత్తి పువ్వుల వాన కురిసినట్టు
ముత్యాల మూటలు మోసినట్టు

రాసినప్పుడు వీటిని చూసుకుని మురిసిపోయాను. స్టూడియోలో వీటి వెనక వయొలిన్లు ఉన్నాయి కాబట్టి వినడానికి నిండుగానే ఉండేవి. వట్టి నోటితో పాడితే నాలుక మీదనే తేలిపోయాయి. దూది పొట్టు ముక్కులోకి పోయి దగ్గిన మనిషికి అది పువ్వుల వాన ఎట్లా అవుతుంది? ముత్యాలు ఎక్కడివి? కొట్టేశాను.

మధ్యాహ్నం ఎదురింటి పెద్దాయన వచ్చాడు. ఆయనా మిల్లులో చేసినవాడే. అరుగు మీద కూర్చుని పాట విన్నాడు. "నడిజాము దాక నడిచె మగ్గం" అన్న చోట చెయ్యి ఎత్తి ఆపాడు.

"మగ్గం అనకు బిడ్డా. మగ్గం ఇంట్ల ఉంటది, కాళ్లతోని తొక్కుతరు. మిల్లుల సాంచలు."

"సాంచ అంటే అందరికీ అర్థమైతదా పెద్దనాయనా?"

"మాకైతే అయితది."

"నడిజాము దాక నడిచె సాంచ" అని పాడి చూశాను. మగ్గం అంటే 'గ్గ' దగ్గర లయ కాస్త తట్టుకునేది. సాంచలోని దీర్ఘం మీద గొంతు నిలబడటానికి చోటు దొరికింది. మాట నిజమైతే పాట కూడా సర్దుకుంటుందని ఇంతకుముందు వినడమే. ఇవాళ నోట్లో తెలిసింది.

మిగతా పాటల్లో కలిపి మొత్తం పదకొండు లైన్లు పోయాయి. ఒక పాట రెండు నిమిషాలకు తగ్గింది. ఉండనీ.

జూలై 20

పరకాల దగ్గర మా ఊరికి పోయాను. నాట్లు జోరుగా ఉన్నాయి. పెద్దవ్వ వాళ్ల పొలంలో పదిహేను మంది ఆడవాళ్లు వంగి నాటు వేస్తున్నారు. గట్టు మీద చెప్పులు విప్పి, మోకాళ్ల దాకా బురదలో నిలబడి ఫోన్ పట్టుకున్నాను.

పెద్దవ్వ ఒక లైను అందుకుంటుంది. మిగతావాళ్లు అదే లైనును తిరిగి అంటారు. నేను చిన్నప్పటి నుంచి వింటున్నదే, కానీ ఇవాళే ఒకటి గమనించాను. వాళ్లు తిరిగి అంటున్నంతసేపూ పెద్దవ్వ పెదాలు కదలవు. కళ్లు నారు మీద ఉంటాయి, ఆమె తర్వాతి లైను వెతుక్కుంటోంది. వెనక వచ్చే వంత ఆమెకు దొరికే టైము. బతుకమ్మ పాటల్లో ఉయ్యాలో అన్నా, వలలో అన్నా, చందమామ అన్నా అట్లాంటిదే. వినేవాళ్లకు అది ఊపు, అల్లేవాళ్లకు ఊపిరి తీసుకునే చోటు.

పాటను ముందే పూర్తిగా రాసుకుని వచ్చి పాడటం లేదామె. సగం తెలిసినది, సగం అప్పటికప్పుడు అల్లుతున్నది. నిన్న వానకు తెగిన గట్టు పాటలోకి వచ్చింది, నేను వచ్చిన సంగతీ వచ్చింది. ఆ రాత్రి వంటింట్లో నాకు జరిగింది ఆమెకు ప్రతి నాటుకూ జరుగుతోంది. మనం డెమో అని పేరు పెట్టుకున్నది వీళ్లకు మామూలుగా పాడటమే.

రికార్డింగ్ మాత్రం మొదట పాడైంది. ఫోన్‌లో ఉన్న మామూలు రికార్డర్ లెవెల్‌ను తనంతట తనే పెంచుతుంది, తగ్గిస్తుంది. పెద్దవ్వ ఆగగానే మోటారు చప్పుడు ఉబికి వస్తోంది, ఆమె అందుకోగానే చప్పుడు అణిగిపోతోంది. వింటుంటే ఎవరో చెవుల మీద చేతులు పెట్టి తీస్తున్నట్టుంది. గెయిన్‌ను, అంటే మైకు ఎంత శబ్దం తీసుకోవాలన్నది, చేతితో పెట్టుకునే యాప్ వేసుకుని, నాయిస్ తగ్గించే సెట్టింగ్ తీసేసి, వేవ్ ఫైల్‌గా మళ్లీ రికార్డు చేశాను. మోటారు చప్పుడు ఉంది, కానీ ఒకే తీరుగా ఉంది. రెండు నిమిషాలు విన్నాక చెవి దాన్ని పట్టించుకోదు.

ఒడ్డుకు వచ్చాక పెద్దవ్వకు వినిపించాను. హెడ్‌ఫోన్ బురద చేత్తోనే పట్టుకుని వింది.

"గిదేంది రా, నేను గింత గట్టిగ పాడుతనా?"

"మంచిగ పాడుతవ్ పెద్దవ్వా. నా పాట ఒకదానికి వంత అంటవా?"

"నాట్లు ఒడువనియ్యి. అస్త."

జూలై 27

డప్పు పాటలు రెండూ ఇవాళ అయ్యాయి. మా కాలేజీలో చదివిన తమ్ముడు వచ్చాడు. వానాకాలం గాలికి తోలు మెత్తబడి డప్పు మూగగా పలుకుతోంది. పెరట్లో పాత అట్టలు, కొబ్బరి మట్టలు కాల్చి డప్పును మంటకు చూపించి, వేలితో కొట్టి చూసి, మళ్లీ చూపించాడు. ఖణేల్‌మన్నాక లేచాడు. ఈ తేమకు ఆ బిగువు పావుగంట కన్నా నిలవదు. అంటే ఒకసారి కాస్తే మూడు టేకులు. కంప్యూటర్‌లో ఎన్ని టేకులైనా చేసుకోవచ్చన్న ధీమా ఇక్కడ నడవదు, పాడేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఒకే మైకుతో ఇద్దరినీ పట్టాము. గదిలో కొడితే గొంతు మునిగిపోతోంది. దర్వాజ దాటించి అరుగు మీద నిలబెట్టాను, ఇంకా ఎక్కువే ఉంది. ఇంకో నాలుగడుగులు, చేదబాయి దగ్గరికి పంపాను. అక్కడ సరిపోయింది. లావు పుల్ల సిర్ర దెబ్బ గుండ్రంగా వస్తోంది, సన్నటి చిటికెన పుల్ల చిటచిటలు గాలిలో కలిసి దూరం నుంచి వస్తున్నాయి. మిక్సింగ్ అంటే ఆ నాలుగడుగులే. పక్క వీధిలో కుక్క ఒకటి రెండో పాట చివర అరిచింది, సరిగ్గా దెబ్బ మీద.

ఆగస్టు 10

మిల్లు పాట. ఇవాళ తేలాలి అనుకుని తెల్లారి అయిదింటికే లేచాను. స్టేషన్ వైపు నుంచి రైలు కూతలు తక్కువగా ఉండే టైము.

హార్మోనియం ఒకటిన్నర శ్రుతి. దాని మీద తువ్వాల నాలుగు మడతలు వేశాను, రీడ్ల కరుకుదనం తగ్గింది. మధ్య సప్తకంలో ఒక మెట్టు వదిలినప్పుడల్లా టిక్కుమంటుంది. బాపు దాన్ని బాగు చేయిస్తానన్నాడు, వద్దన్నాను. మైకు గడ్డం ఎత్తులో, ఎస్‌ఎం57 ఒక్కటే. అద్దంలా అన్నీ చూపించే కండెన్సర్ కన్నా దీని ముందు నాకు నిమ్మళంగా ఉంది.

పదకొండు టేకులు. రెండోది బాగుంది. శ్రుతి నిలిచింది, 'సాంచ' దగ్గర గొంతు నిలబడింది, పొట్టులా రాలిన లైన్లు లేవు కాబట్టి పాటకు బరువు కూడా తగ్గింది. కానీ "ఇంటికొచ్చి దులిపితే" దగ్గర నేను కావాలని ఆగాను. అక్కడ ఆగితే బాగుంటుందని నాకు తెలుసు కాబట్టి ఆగాను. అది వినబడుతోంది. ఫోన్‌లో ఆగింది తెలియక ఆగింది. ఈ రెండు ఆగడాల మధ్య ఒక సెకను తేడా కూడా లేదు, కొలిచాను. చెవికి మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా.

మూడో టేకు నుంచి ఆగకుండా పాడి చూశాను. అప్పుడు మాట ముందే తెలిసినవాడు చెప్పినట్టు టకీమని వచ్చేసింది. ఎటు చేసినా ఒకటే. తెలిసినదాన్ని తెలియనట్టు పాడలేను. ఎవరైనా గొప్ప నటులు చేయగలరేమో, నాకు చేతకాదు, చేయాలని కూడా లేదు.

మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. లేచాక స్పష్టంగా అనిపించింది. బాపు అడిగిన "గది" మళ్లీ రాదు, వచ్చే అవసరమూ లేదు, అది ఉంది. ఫోన్‌లోనే ఉంది. పాత టేకులో సాంచ లేదు, మగ్గమే ఉంది. పువ్వుల వానా, ముత్యాల మూటలూ ఉన్నాయి. ఒకటి వాడితే తప్పుడు మాటలతో వాడాలి, ఇంకోటి వాడితే చచ్చిన మౌనంతో వాడాలి.

అతకకూడదన్న నియమం ఇక్కడే నన్ను గట్టిగా పరీక్షించింది. అతికితే ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది.

రాత్రి తొమ్మిదింటికి తేల్చుకున్నాను. పాత ఫోన్ టేకులో మొదటి చరణం అయ్యాక హార్మోనియం ఒక్కటే తాళం నాలుగు చుట్లు వాయించాను. దాని తర్వాత మొదలయ్యేదే రెండో చరణం. అక్కడ పాటను ఆపేస్తాను. ఒక పల్లవి, ఒక చరణం, నల్లగాయె, హార్మోనియం మెల్లగా ఆగడం. నిమిషం యాభై ఏడు సెకన్లు. అతకడం లేదు, ముగింపు దగ్గర కోయడమే. సాంచ ఉన్న పూర్తి పాట, రెండో టేకు, చివరి పాటగా వస్తుంది. ముందు దొరికిన పాట, చివర తెలిసిన పాట. ఎదురింటి పెద్దాయన చెప్పిన మాట కూడా నిలబడుతుంది.

ఆగస్టు 17

ఫోన్ ఫైలును శుభ్రం చేయబోయి పాడు చేసుకున్నాను, మళ్లీ వెనక్కి వచ్చాను. రాసుకుంటే ఇంకోసారి చేయను.

నాయిస్ తీసే ప్లగిన్‌కు మొదటి రెండు సెకన్ల వాన చప్పుడును నమూనాగా ఇచ్చాను. వాన పోయింది. దాని వెంట 'స', 'శ' అక్షరాల అంచులు పోయాయి. గొంతు నీళ్లలో మునిగి మాట్లాడినట్టయింది. తిత్తి గాలి పీల్చే చప్పుడు కూడా పోయింది. అది పోయాక హార్మోనియం ఎవరో వాయిస్తున్నట్టు లేదు. సగానికి తగ్గించాను, అయినా అంతే. మొత్తం తీసేశాను.

చివరికి చేసింది రెండే పనులు. 80 హెర్ట్జ్ కింద ఉన్న గుడగుడను కోశాను, అక్కడ నా గొంతుకు గానీ హార్మోనియానికి గానీ పనికొచ్చేది ఏమీ లేదు. పాట మొత్తానికీ ఒకే లెక్కన శబ్దం పెంచాను. వాన ఉంది. బియ్యం డబ్బా ఒకచోట ఖంగుమంటుంది, నా మోకాలు తగిలినట్టుంది.

పెద్దవ్వ వంత కూడా ఇవాళే అయింది. నాట్లు అయిపోయాక బస్సెక్కి వచ్చింది, వెంట ఇద్దరు చెల్లెళ్లను తెచ్చుకుంది. గొంగడి చూసి "ఇది మీ తాతది గదా" అని చేత్తో తడిమింది. పాట రెండుసార్లు విన్నారు, మూడోసారి అన్నారు. మొదటి టేకే.

ఆగస్టు 24

అయిదు పాటలు కలిపి పద్నాలుగు నిమిషాలు. వరస కుదిరింది. రాత్రి లైట్లు ఆర్పి ఇంట్లో అందరికీ వినిపించాను. బాపు ఏమీ అనలేదు. మొదటి పాట అయ్యాక లేచి వెళ్లి హార్మోనియం మీద దుమ్ము తుడిచి వచ్చి కూర్చున్నాడు.

అవ్వకు చెవులు సరిగ్గా వినబడవు. హెడ్‌ఫోన్ పెట్టాను. నెరిసిన తల దగ్గర నవ్వింది. "గిది నేను చెప్పిందే" అంది.

ఆగస్టు 29

కరీంనగర్‌లో మాస్టరింగ్ చేసే తమ్ముడికి ఫైళ్లు పంపాను. నాయిస్ ముట్టుకోవద్దు, పాటల మధ్య శబ్దం సమానంగా ఉండేటట్టు చూడు చాలు అని రాశాను. సాయంత్రం ఫోన్ చేశాడు. డప్పు పాట చివర కుక్క బాగుందన్నాడు. పెద్దవ్వ వంతలో ఎడమ వైపు గొంతు కొంచెం తక్కువగా ఉంది, పెంచనా అన్నాడు. పెంచమన్నాను.

"ఇంకొకటి అన్నా. మొదటి పాటల 'దులిపితే' తర్వాత ఎవరో దగ్గిన్రు. రెండుసార్లు. చిన్నగ కట్ చేసి కలిపేస్త, తెల్వది."

"వద్దు తమ్మీ. ఆమె మా అవ్వ."

"సరే అన్నా," అని ఒక్క నిమిషం ఆగి, "మల్లొకసారి ఇంట," అన్నాడు.